పేరు లేని కుండీ

"ఆ మగ్గు ఎవరూ ముట్టుకోకండి!"

ఇన్‌స్పెక్టర్ కేక మెట్ల దాకా వినిపించింది. మేడ మీది గదికి చేరుకున్న డిటెక్టివ్ తలుపు రెక్క పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. అతన్ని అందరూ నిదానం అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడతనే పలకడు. మాటకీ మాటకీ మధ్య లారీ తిరిగేంత సందు వదులుతాడని పోలీసులు పెట్టిన పేరది.

"రండి రండి, నిదానం గారూ!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీరు చెప్పులు విప్పేలోపు నేను కేసు మూట కట్టేశాను."

"మూట కట్టారు సరే..." నిదానం చెప్పులు విప్పాడు. "లోపల ఏముందో చూసే కట్టారా?"

గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్న అమ్మాయి తలెత్తింది. ఆ ఇంటి కోడలు. ఎనిమిదో నెల. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. నిన్న సాయంత్రం ఫోన్ చేసి, "మా మావయ్యగారి కళ్ళు పోగొట్టింది నేనేనంటున్నారండీ" అని ఏడ్చింది ఆమే.

ఆమె మావగారు గడియారాలు బాగుచేసే మనిషి. వయసైపోయాక కొట్టు కొడుక్కి అప్పజెప్పి, ఈ అద్దాల గదిలో ముళ్ళమొక్కలు పెంచుకుంటున్నాడు. నిన్న పొద్దున ఇక్కడే "కళ్ళు! నా కళ్ళు!" అని అరిచాడు. కోడలు పరిగెత్తుకొచ్చి నీళ్ళతో కడిగింది. ఇప్పుడు ఆసుపత్రిలో రెండు కళ్ళకీ కట్లతో పడుకుని ఉన్నాడు. పక్కన కొడుకున్నాడు.

దార్లో నిదానం కంటి డాక్టరుకి ఫోన్ చేసి వచ్చాడు. డాక్టరు చెప్పింది ఒకటే మాట. "నిన్నట్నుంచి కడుగుతూనే ఉన్నాం. ఇక మందు మొదలుపెట్టాలి. కంట్లో పడింది ఆసిడ్ అయితే ఒక మందు, ఇంకోటైతే ఇంకో మందు. తారుమారైతే ఉన్న చూపు కూడా పోతుంది. మధ్యాహ్నం దాకా చూస్తాను. తర్వాత గుడ్డిగా ఏదో ఒక మందు వెయ్యాల్సిందే."

మధ్యాహ్నానికి ఇంకో గంట ఉంది.

"ఏం జరిగిందో చెప్పమ్మా," అన్నాడు నిదానం.

"కింద కూరలు తరుగుతున్నానండీ. అరుపు వినపడింది. ఈ కడుపేసుకుని మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలీదు. మావయ్యగారు రెండు చేతుల్తో కళ్ళు నలిపేసుకుంటున్నారు. మొక్కలకి పోసే తొట్టిలో నీళ్ళు ముంచి మొహాన కొట్టాను. మగ్గు మీద మగ్గు. 'చల్లగా ఉందమ్మా, ఆపకు, కొట్టు' అన్నారు."

"విన్నారుగా?" ఇన్‌స్పెక్టర్ పాలిథిన్ సంచిలో వేసిన మగ్గు ఎత్తి చూపించాడు. "ఇదే ఆ మగ్గు. అదిగో ఆ మూలన బాత్రూం కడిగే ఆసిడ్ సీసా. మగ్గు ఉండే చోటికి మూరెడు దూరం. పోయిన వారమే మామాకోడళ్ళకి గొడవ. పుట్టబోయే బిడ్డ కోసం ఈ గది ఖాళీ చెయ్యమంది. ముసలాయన చెయ్యనన్నాడు. ఇంకేం కావాలి మీకు?"

"అబద్ధం!" కోడలు స్టూలు మీంచి లేవబోయింది. "ఖాళీ చెయ్యమన్లేదండీ. రేపు పిల్లో పిల్లాడో పాకితే ముళ్ళు గుచ్చుకుంటాయి, కింది వరస కుండీలు పైకి మార్చండి మావయ్యగారూ అన్నాను. ఆయన నవ్వి, 'నా మనవడికి ముళ్ళు గుచ్చుకోవు, మనవడే వాటిని గుచ్చుతాడు' అన్నారు. అదీ గొడవే? ఈ ఇంట్లో గొడవంటే నాకూ ఆయనకీ కాదు..."

గబుక్కున ఆగిపోయింది.

"మరెవరికి?" నిదానం అడిగాడు.

"తండ్రీకొడుకులకి. అదేం పెద్దది కాదులెండి. ఎవరో పెద్దమనిషి వాళ్ళ తాతగారి గడియారం మా కొట్లో బాగుచెయ్యడానికిచ్చారు. తిరిగొచ్చాక లోపలి సామాను మారిపోయిందని ఆయన అనుమానం. మావయ్యగారు, 'ఆదివారం రండి, మీ ఎదురుగానే నేను విప్పి చూస్తాను, అసలు చక్రమేదో దొంగ చక్రమేదో నా కన్ను చెప్తుంది' అని మాటిచ్చారు. మా ఆయనకి కోపం వచ్చింది. 'నా కొట్టు మీద నీ పెత్తనమేంటి' అన్నారు. అంతే."

"మీ ఆయన... ఈ మగ్గు సంగతి విని ఏమన్నాడు?"

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏమీ అనలేదండీ. ఇన్‌స్పెక్టర్ గారి ముందు 'నా భార్య అలాంటిది కాదు' అని ఒక్క మాటంటే ఎంత బాగుండేది. తల దించుకుని నిలబడ్డారు."

"పాపం, ఏమంటాడు? అటు తండ్రి, ఇటు భార్య!" ఇన్‌స్పెక్టర్ చేతి గడియారం చూసుకున్నాడు. "జీపు ఆడ కానిస్టేబుల్ కోసం వెళ్ళింది. అది వచ్చేదాకా మీ ఇష్టం. తర్వాత ఈవిణ్ణి తీసుకెళ్తాను."

"అంతే చాలు," అన్నాడు నిదానం.

గదికి పైకప్పూ ఒక పక్క గోడా అద్దాలే. మిగతా మూడు వైపులా తలకి మించిన ఎత్తు దాకా అరలు. అరల నిండా ముళ్ళమొక్కలు. బంతులూ, స్తంభాలూ, దువ్వెనలూ, ఒకదానికి ముసలాయన గడ్డంలా తెల్ల వెంట్రుకలు. ప్రతి కుండీలో రేకు ముక్క మీద చీమ కాళ్ళంత అక్షరాలతో పేరు గీసి ఉంది. గడియారాల మనిషి చేతిపని తెలిసిపోతోంది.

బల్ల మీద మధ్యలో ఉన్న ఒక్క కుండీకే పేరు లేదు. అందులో మూరెడు పొడుగు, అయిదు పలకల పచ్చని కాండం. పలకల అంచుల వెంబడి దూదిబొట్లు. ఒక్కో బొట్టులోంచి నక్షత్రంలా విచ్చుకున్న ముళ్ళు. పైనుంచి మూడో బొట్టు ఊడిపోయి, ఆ చోట తెల్లగా పొరలా ఎండి ఉంది. పక్కనే సన్న పట్టకారు పడి ఉంది.

"ఇదేంటి?"

గది చివర చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి ముందుకొచ్చాడు. ముళ్ళమొక్కల సంఘం సెక్రటరీ. మొక్క గురించి చెప్పమని ఇన్‌స్పెక్టరే పిలిపించాడు.

"పందెం కుండీ అండీ. మా సంఘంలో ఓ ఆట ఉంది. ఒకరింటి గుమ్మంలో ఇంకొకరు పేరు లేని మొక్క పెట్టి, చెప్పకుండా వెళ్ళిపోతారు. వచ్చే మీటింగులోపు దాని పేరు కనిపెట్టాలి. పెట్టినవాడు అప్పటిదాకా నోరు విప్పడు. పెద్దాయన ఇంతవరకూ ఒక్కసారి కూడా ఓడిపోలేదు."

"దీని పేరు మీకు తెలుసా?"

సెక్రటరీ మెడ నిమురుకున్నాడు. "నిజం చెప్పొద్దూ, పొద్దున్నించీ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. ఎక్కడో కొండల్లోంచి వచ్చిన కొత్త జాతి అయ్యుండాలి. కానీ కాక్టస్ అన్నది మాత్రం ఖాయం. కాక్టస్‌కి దూదిబొట్టే ఆధార్ కార్డు. ముల్లు దూదిలోంచి పుడితే కాక్టస్. కాక్టస్ అయితే లోపల నీళ్ళే, విషం లేదు. దీనివల్ల కళ్ళు కాలవు. ఇన్‌స్పెక్టర్ గారికి అదే రాసిచ్చాను."

"అయ్యిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తెలిసినవాడి మాట. మొక్క కాదు, మగ్గే."

"ఈ కుండీ ఎప్పుడొచ్చిందమ్మా?"

"నాలుగు రోజులైందండీ. మా ఆయన కొట్టుకి వెళ్తుంటే గుమ్మంలో కనిపించిందట. ఆయనే పైకి తెచ్చిచ్చారు. మావయ్యగారు చిన్నపిల్లాడైపోయారు. తిండి ధ్యాస లేదు. నిన్న పొద్దున మోకాళ్ళ నొప్పులతోనే కిందికొచ్చి, 'అమ్మాయ్, నా పాత భూతద్దం ఎక్కడుందో వెతికిపెట్టు' అన్నారు. గడియారాలు చూసేటప్పుడు కంట్లో బిగించుకునే నల్లది. పని మానేశాక దాని జోలికి వెళ్ళనే లేదు. మొక్కల్ని కళ్ళజోడు తీసేసి, ముక్కు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూసుకుంటారు. ఉత్త కళ్ళతోనే."

"నిన్న మాత్రం భూతద్దం అడిగాడు."

"అవునండీ. 'ఈ మొక్కలో ఏదో తిరకాసుంది, నాకు ఎక్కడో కొడుతోంది' అన్నారు. నేనే పెట్టెలోంచి తీసిచ్చాను."

నిదానం ఒక్కసారి నేల మీదికి వంగాడు. మోకాళ్ళు టకటకలాడాయి. బల్ల కింద ఖాళీ కుండీల సందులో చెయ్యి పెట్టి, చేతిరుమాలుతో ఓ నల్లటి చిన్న గొట్టాన్ని పట్టుకుని పైకి తీశాడు. గొట్టానికి ఓ చివర అద్దం.

"మీవాళ్ళు ఇది చూళ్ళేదా?"

"భూతద్దమేగా! చూసే వదిలేశాం."

"దాని మీదున్నది చూశారా?"

ఇన్‌స్పెక్టర్ దగ్గరికొచ్చాడు. అద్దం బయటివైపు తెల్లగా మచ్చ. ఎండిన పాల చుక్కలా ఉంది.

"మగ్గులో నీళ్ళు కొట్టేటప్పటికి ఇది కంట్లో లేదు. రెండు చేతుల్తో కళ్ళు నలుపుకుంటున్న మనిషి కంట్లో భూతద్దం ఎలా ఉంటుంది? అప్పటికే బల్ల కింద పడిపోయింది." నిదానం ఒక్కో మాటా తూకం వేసినట్టు అన్నాడు. "దీని మీద పడిందేదో... మగ్గు రాకముందే పడింది. ఎదుటనుంచి. మొక్కలోంచి."

"కాక్టస్‌లో నీళ్ళేనండీ బాబూ!" సెక్రటరీ చేతులు తిప్పాడు. "ఎన్నిసార్లు చెప్పను?"

"కాక్టస్‌లో నీళ్ళే. ఒప్పుకున్నాను." నిదానం పేరులేని మొక్క ముందు వంగాడు. "మీ మొక్కల్లో ముల్లు ఎక్కడ పుడుతుంది సార్?"

"కొసన. పైన లేతవి, మెత్తగా ఎర్రగా ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ ముదురుతాయి. అడుగున బూడిద రంగు. పిల్లలు పైనా తాతలు కిందా అన్నమాట."

"ఈ గదిలో అన్నీ అలాగే ఉన్నాయి. నేనూ చూశాను. మరి దీంట్లో?"

సెక్రటరీ వంగాడు. పైబొట్టు చూశాడు. అడుగుబొట్టు చూశాడు. మళ్ళీ పైది చూశాడు. మొహంలో రంగు మారింది.

"అన్నీ... అన్నీ ఒకే వయసువి!"

"తాతా మనవడూ ఒకే రోజున పుట్టారు," అన్నాడు నిదానం. "ఇన్‌స్పెక్టర్ గారూ, నాకో గుండుసూది కావాలి."

"ఏం చేస్తారు?"

"గుచ్చుతాను."

"కుదరదు! అది సాక్ష్యం. కోర్టులో ఎవడు జవాబు చెప్పుకుంటాడు?" ఇన్‌స్పెక్టర్ కుండీకి అడ్డం నిలబడ్డాడు. "ముళ్ళమొక్కలో సూదులు గుచ్చి మాయలు చెయ్యడానికి ఇదేం గారడీ కాదు. ఎప్పుడూ ఇంతే మీరు! కట్టిన కేసు విప్పడం తప్ప ఇంకో పని లేదు."

"సరే, గుచ్చను. డాక్టరుకి ఫోన్ చెయ్యండి. 'ఆసిడే, రాసుకోండి, పూచీ నాది' అని మీ నోటితో చెప్పండి. ఆ మందేస్తాడు. చూపు పోతే పోయింది. మూట మాత్రం విప్పక్కర్లేదు."

ఇన్‌స్పెక్టర్ జేబులోకి చెయ్యి పెట్టాడు. ఫోన్ తీశాడు. దాన్ని చూస్తూ నిలబడ్డాడు. నొక్కలేదు. కోడలు చీర కుచ్చిళ్ళకి పెట్టుకున్న పిన్ను తీసి నిదానం వైపు చాచింది.

ఇన్‌స్పెక్టర్ పక్కకి జరిగాడు.

"అందరూ వెనక్కి," అన్నాడు నిదానం. తన కళ్ళజోడు ముక్కు మీద గట్టిగా నొక్కుకున్నాడు. చెయ్యి బారుగా చాచి, కాండం అడుగున పిన్ను దించి తీశాడు.

పచ్చటి చర్మం మీద తెల్లటి పూస మెరిసింది. పెరిగింది. చిక్కటి పాలలా కిందికి జారింది.

"జెముడు!" సెక్రటరీ గొంతు కీచుమంది. "అయ్యో, ఇది కంచె జెముడు! పొలాల గట్ల మీద పెరిగేది! చంటిపిల్లాడైనా గుర్తుపడతాడే! కాక్టసే కాదిది, దీని విషపు పాలు కంట్లో పడితే... ఓరి దేవుడా! మరి ఈ దూదిబొట్లు?"

నిదానం పట్టకారుతో ఓ బొట్టు అంచు మెల్లగా లేపాడు. దాని అడుగున గాజులాంటి సన్న పొర. "అతికించారు. కాక్టస్ నుంచి ఒక్కో బొట్టూ ఒలిచి, జెముడు మీద అతికించారు. ఏమీ తెలియనివాడు చూస్తే ఇది జెముడేగా అని చేతులు కడుక్కుంటాడు. మీరు బాగా తెలిసినవాళ్ళు. దూదిబొట్టు చూశారు, కాక్టస్ అన్నారు, భయం మానేశారు. పెద్దాయనా అదే చేశాడు. ఆయన పేరు ఎలా కనిపెడతాడు సార్?"

"ఒక బొట్టు లేపి కింద చూడందే పేరు పెట్టడు. అందరికీ తెలుసు." సెక్రటరీ నుదురు పట్టుకున్నాడు.

"బొట్టు లేపాడు. జిగురు గట్టిది, చర్మంతో సహా చిరిగి ఊడి ఎగిరింది. పాలు చింది మొహాన పడ్డాయి. కాక్టస్ నీళ్ళే కదా అనుకుని ఆ చేతుల్తోనే కళ్ళు తుడుచుకున్నాడు."

నిదానం ఫోన్ అప్పటికే చెవి దగ్గరుంది. "డాక్టర్ గారూ, జెముడు పాలు. ఆసిడ్ కాదు. నా కళ్ళతో చూశాను."

అవతల డాక్టరు దాదాపు గంతేశాడు. "బతికించారండీ! ఎడమ కన్ను బాగా కాలింది, కుడి కన్ను కొద్దిగానే కాలింది. మొహాన ఆసిడ్ కొడితే రెండూ ఒకేలా పోవాలిగా అని తల పట్టుకున్నాను."

"కుడికంట్లో భూతద్దం ఉంది. అడ్డుపడింది."

"అదీ సంగతి! ఇంకోటి చెప్పనా? ఆ నీళ్ళు కొట్టిందెవరో గానీ ఆవిడకి దణ్ణం పెట్టాలి. ఆ క్షణంలో కడక్కపోతే నేను చేసేదేమీ ఉండేది కాదు. మందు మొదలుపెడుతున్నా!" ఫోన్ ఠక్కున ఆగిపోయింది.

కోడలు రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. ఇన్‌స్పెక్టర్ సంచిలోని మగ్గు వైపు చూశాడు. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"సరే," అన్నాడు. "మగ్గు కాదు, మొక్క. ఒప్పుకున్నాను. అయినా చేసింది ఈవిడ కాదని ఏంటి రుజువు? కుట్లూ అల్లికలూ వచ్చిన చెయ్యి. అతికించడం ఎంతసేపు?"

"అడగాల్సిందే అడిగారు. మొదటిసారి." నిదానం గది మధ్యలో నిలబడి, చుట్టూ తిరిగాడు. "ఇన్ని బొట్లు ఒలవాలంటే, ఎక్కడో ఓ కాక్టస్ బోడిగుండై ఉండాలి. సెక్రటరీ గారూ, మీ మొక్కలన్నీ ఎటు వంగుతాయి?"

"వెలుతురు వైపు. కిటికీ వైపు. అందుకే మేం కుండీ అంచున తెల్లరంగు చుక్క పెట్టుకుంటాం. మట్టి మార్చినా, ఎక్కడికి జరిపినా చుక్క మళ్ళీ కిటికీ వైపే ఉండాలి. తిప్పితే నీడకి అలవాటుపడ్డ వైపు ఎండ తగిలి కాలిపోతుంది. మా సంఘంలో నిద్దట్లో లేపి అడిగినా ఎవడూ మొక్కని తిప్పడు."

"అయితే పై అరలో, ఆ చివర నుంచి రెండోది... గోడకేసి ఎందుకు వంగింది?"

అందరూ తలలెత్తారు. పైకప్పు దగ్గర వరసంతా అద్దాల వైపు మెడలు చాచి ఉంది. ఒక్కటి మాత్రం అలిగిన పిల్లలా గోడకి మొహం పెట్టింది. దాని కుండీకి ఇటువైపు తెల్లచుక్క లేదు.

మూలన నిచ్చెన ఉంది. ఇన్‌స్పెక్టర్ చొక్కా చేతులు పైకి మడిచి తనే ఎక్కాడు. "అబ్బా! చచ్చాను!" అని రెండుసార్లు అరిచి, వేళ్ళు విదిలించుకుంటూ కుండీని దించాడు. బల్ల మీద పెట్టి తిప్పాడు.

వెనకవైపు మొక్కంతా గుంటలు గుంటలు. కోడిని ఒలిచినట్టు ఒలిచేశారు. ఇటువైపు చర్మం ఎండకి మాడి, పాలిపోయి ఉంది.

"మీ సంఘంవాడు కాదు," అన్నాడు నిదానం. "మీవాడైతే చుక్క కిటికీ వైపే ఉంచి దొంగతనం చేసేవాడు. వీడికి బోడిగుండు కనపడకుండా తిప్పడం ఒక్కటే తెలుసు. మొక్కల మీద ప్రేమ లేదు. కానీ ఈ గదిలోకి ఎప్పుడంటే అప్పుడు వస్తాడు. నిచ్చెన ఎక్కుతాడు. పెద్దాయన ఎక్కలేడు, మోకాళ్ళు. ఎనిమిదో నెల్లో ఈ అమ్మాయీ ఎక్కలేదు. పై వరసకి నీళ్ళు ఎవరు పోస్తారమ్మా?"

కోడలు చేతులు మొహం మీంచి జారిపోయాయి. నోరు తెరిచింది.

"ఉండు, ఇప్పుడే చెప్పొద్దు." నిదానం పట్టకారుతో జిగురు పెచ్చు ఒకటి ఒలిచాడు. కిటికీ గట్టు మీదున్న అగ్గిపెట్టె తీసి, పుల్ల గీసి, మంటకి దూరంగా పెచ్చుని వెచ్చజేశాడు. ఘాటుగా, తియ్యగా ఒక వాసన గదిలో పరుచుకుంది. "కుట్లు కుట్టే చెయ్యి కాదిది, ఇన్‌స్పెక్టర్ గారూ. ఒక్క బొట్టు కూడా గీత తప్పలేదు. సూదిమొనంత జిగురు, అంతే. సెకన్ల ముల్లు బిగించే చెయ్యి. అమ్మా, ఈ వాసన నీకు తెలుసా?"

ఆమె ముక్కు ఎగబీల్చింది. ఒక్కసారి. స్టూలు అంచుని పట్టుకుంది.

"రోజూ సాయంత్రం," అంది. "రోజూ సాయంత్రం ఉతికే చొక్కాల్లో ఈ వాసనే. గడియారాలకి అద్దం అతికించే జిగురు." ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు, "నన్ను తీసుకెళ్తామన్నప్పుడు కూడా తల దించుకునే నిలబడ్డారు," అంది.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "సొంత తండ్రి కళ్ళా? గడియారం కోసమా?"

"ఆదివారం ఆ గడియారం విప్పితే కొట్టు పరువు పోతుంది. దొంగ చక్రాన్ని పట్టుకునే కన్ను ఊళ్ళో ఒక్కటే ఉంది. నాన్న మొక్కల్ని ఉత్త కళ్ళతో చూస్తాడని వాడికి తెలుసు. నిన్న భూతద్దం అడిగాడని మాత్రం తెలీదు. వాడు కొట్లో ఉన్నాడు." నిదానం రుమాల్లోని నల్ల గొట్టాన్ని కోడలి ముందు పెట్టాడు. "నువ్వు వెతికిచ్చావు చూడు, దీనివల్లే ఆ కుడి కన్ను మిగిలింది."

ఫోన్ మోగింది. డాక్టరు. నిదానం స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు.

"శుభవార్త!" డాక్టరు గొంతు గదంతా నిండింది. "మళ్ళీ పరీక్ష చేశాను. కుడి కన్ను పూర్తిగా దక్కుతుంది. ఆదివారానికి గడియారాలు కూడా విప్పొచ్చని పెద్దాయనతో అన్నాను. ఎంత సంబరపడ్డాడో! వాళ్ళబ్బాయి పక్కనే ఉన్నాడు, అతనికీ చెప్పాను. మంచి కుర్రాడండీ. చుక్కల మందు వెయ్యడానికి నర్సుని పెడతానంటే ఒప్పుకోలేదు. 'మా నాన్న కళ్ళు, నేనే వేసుకుంటాను' అన్నాడు. కట్లు విప్పి మొదటి చుక్క నేనే వేసి, సీసా అతని చేతికే ఇచ్చాను. ఎందుకో సీసాతో సహా ఈ పక్కనే ఉన్న వాళ్ళ కొట్టుదాకా వెళ్ళి, ఇప్పుడే వచ్చాడు. రెండో చుక్క వెయ్యడానికి లోపలికెళ్ళాడు."

నిదానం నోట్లోంచి మాటలు సందు లేకుండా దూసుకొచ్చాయి. "ఆ సీసా లాక్కోండి డాక్టర్! పరిగెత్తండి! కళ్ళు కాల్చింది వాడే! పరిగెత్తండి!"

అవతల కుర్చీ కింద పడ్డ చప్పుడు. నడవాలో బూట్ల చప్పుడు. ఇన్‌స్పెక్టర్ తన ఫోన్‌లో జీపు డ్రైవరుకి కేకలేస్తూ మెట్లు దూకుతున్నాడు. ఫోన్‌లో తలుపు మీద దబదబ గుద్దిన శబ్దం.

"గడియ వేసుకున్నాడు!" డాక్టరు రొప్పుతున్నాడు. "బాబూ, తలుపు తియ్యి! తియ్యి!"

తలుపు వెనకనుంచి, దూరంగా, ముసలి గొంతు ఒకటి నెమ్మదిగా వినిపించింది. "ఏంట్రా ఆ గోల? అటు తిరగాలా? కన్ను తెరవమంటావా?"

కోడలు బల్ల మీదికి వాలి రెండు చేతుల్తో ఫోన్ లాక్కుంది.

"డాక్టర్ గారూ, స్పీకరు నొక్కి ఫోన్ తలుపుకి పెట్టండి!" అంది. గట్టిగా ఊపిరి తీసుకుని, ఆ అద్దాల గది దద్దరిల్లేలా అరిచింది. "మావయ్యగారూ! నేనండీ, అమ్మాయిని! కన్ను తెరవకండి!"